వెయిటింగ్ ఛార్జీ

"ఈ వాచీ మీద సీలు లేదు," అన్నాడు తూకం.

ఒక అమ్మాయిని మొదటిసారి కలిసినప్పుడు మగవాడు అనదగ్గ మాటలు లోకంలో బోలెడున్నాయి. ఇది మాత్రం వాటిలో లేదు.

ఆ అమ్మాయి తన మెడలో తాడుకు వేలాడుతున్న స్టాప్‌వాచీ వైపు చూసుకుంది, తర్వాత అతని వైపు చూసింది. ఇల్లు కొనేవాళ్ళ తరఫున వెళ్ళి, ఆ ఇంటి మంచిచెడ్డలు పరీక్షించి చెప్పే ఇంజినీరు ఆమె. ఫీజు గంటకింత. పని మొదలుపెట్టగానే వాచీ నొక్కుతుంది.

"ఏం సీలు?"

"సరిగ్గా నడుస్తోందని ప్రభుత్వం వేసే సీలు. కొలిచి డబ్బు తీసుకునే ఏ యంత్రానికైనా ఉండాలి."

"మీరు పోలీసా?"

"తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ని."

"అదృష్టం," అంది ఆమె. ఎవరి అదృష్టమో చెప్పలేదు.

ఆమె తన ఆఫీసులో ఇచ్చిన టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, తన చేతి గడియారం పక్కన ఆ వాచీ పెట్టుకుని చాలాసేపు సరిచూశాడు. చివరికి, నిజాయితీగానే నడుస్తోందని తీర్పు చెప్పి తిరిగిచ్చాడు. ఎవరు, వాచీయా నేనా అని ఆమె అడిగితే, వాచీ, మీ సంగతి ఇంకా తేలాలి అన్నాడు. ఆ తర్వాత అతను ఆ వాచీ ముఖం మళ్ళీ చూడలేదు. ఒకసారి పాస్ చేసిన మీటరును మళ్ళీ పరీక్షించడం వాళ్ళ డిపార్ట్‌మెంటులో ఆనవాయితీ కాదు మరి. కొంప ముంచింది ఆ ఆనవాయితీయే.

తూకం అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. కూరగాయల బండి మీద త్రాసు నుంచి టాక్సీలో మీటరు దాకా అన్నిటినీ అనుమానించడం అతని ఉద్యోగం. ఆ అనుమానాన్ని సాయంత్రం ఆఫీసులో వదిలేసి రావాలని ఎవరూ చెప్పకపోవడంతో ఇంటికి కూడా తెచ్చుకునేవాడు. పెళ్ళిసంబంధాలు వస్తే అమ్మాయి వాళ్ళు చెప్పిన ఎత్తు నిజమేనా అని అడిగిన ఘనుడు. అందుకే ఇంకా బ్రహ్మచారి.

ఇంట్లో అతనూ, వాళ్ళమ్మా. ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. జీవితమంతా అద్దె ఇళ్ళే. ప్రతి ఓనరూ తాళాలు ఇస్తూ చెప్పే మాట ఒకటే, గోడలకు మేకులు కొట్టకూడదు. దాంతో ఆవిడ ఫ్రేము కట్టించుకున్న ఫొటోలన్నీ ట్రంకు పెట్టెలోనే వృద్ధాప్యానికి వచ్చాయి. నాన్న ఫొటో ఒక్కటి బీరువా మీద గోడకు జారగిలబెట్టి ఉండేది. ఫ్యాను కాస్త గట్టిగా తిరిగితే చాలు, పాపం ఆయన ముందుకు బోర్లాపడి ఇంటిల్లిపాదికీ సాష్టాంగ నమస్కారం పెట్టేవాడు.

"నాకు మేడలూ మిద్దెలూ వద్దురా. నాకు నచ్చిన చోట ఒక్క మేకు కొట్టుకోవాలి. ఎవర్నీ అడక్కుండా," అనేది అమ్మ.

ఆ మేకు కోసమే ఈ వేట. ఆవిడ రిటైర్మెంటు సొమ్మంతా, ఇతను కూడబెట్టిందంతా కలిపితే ఒక్క ఇంటికి సరిపోతుంది. తప్పు ఇల్లు కొంటే రెండో అవకాశం లేదు. అందుకని నిపుణుల సాయం తీసుకోవాలనుకున్నాడు. తీరా చూస్తే, సాయానికి డబ్బిచ్చే దారులు కూడా రకరకాలుగా ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి.

మొదటిది అక్క మొగుడు తెచ్చిన దారి. బావగారు వెంటబెట్టుకొచ్చిన బ్రోకరు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు, చావు పలకరింపుకు వెళ్ళినా అలాగే ఉంటాడేమో. అతనిది శాతం పద్ధతి, ఇంటి ధరలో ఇంత. ధర పెరిగితే అతని వాటా పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అలాంటి మనిషిని మన తరఫున బేరమాడమనడం దొంగ చేతికి తాళాలిచ్చి, ఇల్లు జాగ్రత్త నాయనా అని చెప్పడమే అనుకున్నాడు తూకం. బావకు ఈ వ్యవహారంలో బ్రోకరు పోసే టీలు తప్ప వేరే ఏ స్వార్థమూ లేదని బావే చెప్పాడు. నమ్మక చస్తామా?

రెండోది ఒక కంపెనీవాళ్ళ ప్యాకేజీ. ఇల్లు చిన్నదైనా పెద్దదైనా మొత్తానికి ఒకటే ఫీజు. ఆ కంపెనీ మనిషి మోటారుసైకిలు మీద వచ్చి, హెల్మెట్ కూడా తియ్యకుండా ఇల్లంతా చుట్టేసి, సూపర్ సార్ అని సర్టిఫికెట్ ఇచ్చాడు. ఎంత తొందరగా ముగిస్తే అంత లాభం. ఆ వేగంలో అతను వంటగది చూశాడో లేదో అతని హెల్మెట్‌కే తెలియాలి.

మూడోది ఈ ఇంజినీరమ్మాయి, గంటల లెక్క. ఈ పద్ధతిలో పని సాగదీస్తారని తూకానికి తెలియక కాదు. కానీ గడియారం ముల్లు కళ్ళముందే తిరుగుతుంది, కొలవొచ్చు. కొలవగలిగిన మోసాన్ని భరించగలడు అతను. అనవసరమైన మాటలు ఉండకూడదని, దారి ఖర్చులు లెక్కలోకి రావని షరతులు పెట్టాడు. అన్నిటికీ తలూపి, నా పద్ధతి నాకుంది, తేడా లేకపోతే చివర్లో మీ సీలు వేసుకోండి అంది ఆమె.

మొదటి ఇంట్లో ఆమె గోడలు వేళ్ళతో కొట్టి చెవి ఆనించి వింది. తలుపులు తీసి మూసింది. స్నానాల గదిలో నేల మీద ఒక గోలీ వదిలింది. నీళ్ళు పోయే తూము వైపు వెళ్ళాల్సిన ఆ గోలీ గుమ్మం దాటి, బుద్ధిగా హాల్లోకి వచ్చి సోఫా కింద కూర్చుంది.

"ఈ ఇంట్లో మీరు స్నానం చేస్తే హాలు కూడా చేస్తుంది," అంది ఆమె.

తూకం నవ్వాడు. తనకే ఆశ్చర్యం వేసింది. ఆమెకు ఇంకా ఆశ్చర్యం వేసినట్టుంది, చెయ్యి వాచీ మీదకు వెళ్ళింది. టిక్.

"మీకు నవ్వొచ్చా? చిన్నప్పటి నుంచీ ఇంతేనా, ఉద్యోగంలో చేరాక ఇలా అయ్యారా?"

అతని చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆమె ప్రశ్నకు కాదు, ఆ టిక్‌కు. ఆ చప్పుడు అతనికి చిరపరిచితం. టాక్సీ దిగి ఒక్క నిమిషం అని లోపలికి వెళ్తామా, డ్రైవరు గుట్టుచప్పుడు కాకుండా ఒక మీట నొక్కుతాడు. ఇక బండి కదలకపోయినా మీటరు ఎక్కుతూనే ఉంటుంది. దాని పేరు వెయిటింగ్ ఛార్జీ. ఆ మీట నొక్కే వేళ్ళను పట్టుకోవడంలోనే అతని సర్వీసంతా గడిచింది. ఓహో, అనుకున్నాడు, గోడలు కొడితే ఒక రేటు, నిలబడి కబుర్లు చెబితే ఇంకో రేటు.

ఒక్క మాట అడిగితే పోయేది. కానీ అడగడం తెలియనివాళ్ళు చేసే పని. ఇతనికి అన్నీ తెలుసాయె.

"చిన్నప్పటి నుంచీ ఇంతే. కిటికీలు చూద్దామా?" అన్నాడు.

ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది. టిక్ అనిపించి కిటికీల వైపు నడిచింది.

అది మొదలు, అమ్మను వెంటబెట్టుకుని ఏ ఇంటికి వెళ్ళినా ఇదే వరస. మధ్యలో ఎక్కడో ఆమె టిక్ అనిపించి ఏదో అడుగుతుంది, ఇతను ముక్తసరిగా జవాబు చెప్పి పైపుల మీద పడతాడు. ఈ ఉద్యోగం కాకపోతే ఏం చేసేవారని ఒకసారి అడిగితే, రిటైరయ్యేవాణ్ణి అన్నాడు. నిజానికి చిన్నప్పుడు గడియారాలు బాగుచేసే కొట్టు పెట్టాలని అతనికి వెర్రి కోరిక. ఆ సంగతి ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి ఎంతో అందంగా చెప్పుకున్నాడు. అద్దం ఛార్జీ తీసుకోదు కదా.

అతను ఆమెను ప్రేమించాడు. ఇందులో దాచడానికేమీ లేదు, అమ్మకు తెలుసు, అద్దానికి తెలుసు. గోడకు చెవి ఆనించి ఆమె కళ్ళు మూసుకుంటే, ఆ గోడ ఏం చెప్పిందో వినాలన్న ధ్యాస కూడా ఉండేది కాదు అతనికి. కానీ తన సొంత డబ్బయితే వేరు, ఇది అమ్మ నైట్ డ్యూటీలు చేసి దాచుకున్న సొమ్ము. దాన్ని వెయిటింగ్ ఛార్జీకి తగలేసి ప్రేమించడానికి అతనికి మనసొప్పలేదు. ఇంత పొదుపుగా ప్రేమించినవాడు భూప్రపంచంలో ఇంకొకడు ఉండడు.

ఒకరోజు అమ్మ లేకుండా ఒక ఇల్లు చూసి బయటికొస్తుంటే వాన పట్టుకుంది. ఇద్దరూ పోర్టికోలో ఇరుక్కుపోయారు. వాన ఇలాంటి పనులు అడక్కుండానే చేసిపెడుతుంది, ఫీజు కూడా తీసుకోదు. ఆమె చెయ్యి చాపి చినుకులు పట్టుకుంది. కాసేపయ్యాక, టిక్.

తను చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న ఒక ఇల్లు కొన్నాడని చెప్పింది. ఎవరో నవ్వు మొహం బ్రోకరు మాట నమ్మి కొన్నాడట. వానాకాలం వస్తే ఇల్లంతా బకెట్లు పెట్టుకునేవాళ్ళట. బకెట్‌లో పడే చినుకుల చప్పుడు వింటూ పరీక్షలకు చదివిందట. నాన్న ఆ తర్వాత ఎవర్నీ నమ్మలేదని, తననైనా ఎవరో ఒకరు నమ్మాలనే ఈ వృత్తిలోకి వచ్చానని అంది.

ఎన్ని బకెట్లు, ఏ గదిలో పడుకునేవాళ్ళు, మీకు భయమేసేదా అని తూకానికి అడగాలనిపించింది. చెయ్యి పట్టుకోవాలని కూడా అనిపించింది. అదే క్షణంలో అమ్మ నైట్ డ్యూటీలు గుర్తొచ్చాయి.

"ఈ పోర్టికో పిల్లర్లకు పగుళ్ళేమైనా ఉన్నాయా?" అని అడిగాడు మహానుభావుడు.

ఆమె చేతి తడి తుడుచుకుంది.

"లేవండి. పిల్లర్లకు ఏమీ కాలేదు." టిక్.

చివరికి అమ్మ మనసు పడిన ఇల్లు ఒకటి దొరికింది, బ్రోకరు చూపించిందే. వీధి గుమ్మానికి ఎదురుగా విశాలమైన గోడ. పొద్దుటి వెలుతురు దాని మీదే పడుతుంది. అమ్మ దాని మీద అరచెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. ఎక్కడ మేకు కొట్టాలో అప్పుడే నిర్ణయమైపోయిందని ఆ చెయ్యి చూస్తే తెలుస్తోంది.

ఇంజినీరమ్మాయి మాత్రం వెనక గది దగ్గర ఆగిపోయింది. ఇంటికంతా పాత రంగు, ఆ ఒక్క గోడకే కొత్త రంగు. ఉత్తపుణ్యానికి ఎవరూ ఒక్క గోడకు రంగు వెయ్యరని, ఒక గట్టి వాన పడేదాకా ఆగితే సంగతి తేలుతుందని చెప్పింది. బ్రోకరు నవ్వుతూనే, ఇంకో పార్టీ అడ్వాన్సు పట్టుకుని రేపోమాపో వచ్చేస్తోందని చెప్పాడు. అతని దగ్గర ప్రతి ఇంటికీ అలాంటి పార్టీ ఒకటి తయారుగా ఉంటుంది.

ఆ సాయంత్రం బావగారు తీరిగ్గా వచ్చి కూర్చున్నాడు.

"ఏమోయ్ బావమరిదీ, కాస్త బుర్ర పెట్టి ఆలోచించు. గంటల లెక్కన డబ్బు తీసుకునే మనిషి ఏ ఇల్లయినా బాగుందని చెబుతుందా? బాగుందంటే మర్నాటి నుంచి గంటలెక్కడివి? వానట, ఆగాలట. నువ్వు ఆగే కొద్దీ ఎవరికోయ్ లాభం?"

ఏడాదికోసారి బావ కూడా సబబైన మాట అంటాడు. అది ఆ రోజే అనాలా? తూకానికి టిక్‌లన్నీ వరసగా చెవిలో మోగాయి.

మర్నాడు పొద్దున్నే ఆమె ఆఫీసుకు వెళ్ళాడు. సిమెంటు కొట్టు పైన చిన్న గది, బల్ల నిండా ఇటుక ముక్కలు. గంటల లెక్క మానేసి, మొత్తానికి ఇంత అని ఒకే ఫీజు మాట్లాడుకుందామన్నాడు. ఇక ఆగడాలూ కబుర్లూ వద్దు, రేపు అడ్వాన్సు ఇవ్వాలి, ఆ ఇంటికి అవునో కాదో ఇప్పుడే చెప్పెయ్యమన్నాడు.

"అంటే, గంటలు పెంచుకోవడానికి నేను వాన పేరు చెబుతున్నాననా?" అని అడిగింది.

కాదు అనడానికి ఒక్క క్షణం చాలు, ఆ క్షణం దాటిపోయింది.

"చూడకుండా అవునని చెప్పలేను. తెలియకుండా కాదనీ చెప్పలేను. మీరు వేరేవాళ్ళని చూసుకోండి." మెడలోంచి వాచీ తీసి సొరుగులో పెట్టేసింది. అతను మెట్లు దిగి వచ్చేశాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ, ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడొస్తుందని అడిగింది. ఇక రాదని చెప్పాడు. వెయిటింగ్ ఛార్జీ సంగతి కూడా చెప్పాడు. ఎలా కనిపెట్టాడో, అమ్మ సొమ్ము ఎలా కాపాడాడో కాస్త గొప్పగానే చెప్పాడు.



"టిక్ అన్నప్పుడు ఆ వాచీ ఆగేదిరా," అంది అమ్మ.

"ఏంటి?"

"ముల్లు ఆగేది. రోగి చెయ్యి పట్టుకుని వాచీ చూడటం నా జన్మంతా చేశాను, నాకు తెలీదా? నా మోకాళ్ళ నొప్పి గురించి అడిగినప్పుడు ఆపింది. నిన్ను పలకరించినప్పుడల్లా ఆపింది. పనిలోకి దిగితే మళ్ళీ నడిపేది. నీకు తెలుసనుకున్నాను నాయనా. మీటర్ల ఇన్‌స్పెక్టరువి కదా."

తూకం కుర్చీలో కూలబడ్డాడు. ఆమె తన డబ్బు తను వదులుకుని పలకరించింది. ఇతను డబ్బు మిగులుస్తున్నానని ప్రతిసారీ మొహం తిప్పుకున్నాడు. బకెట్ల కథ చెప్పిన మనిషిని పిల్లర్ల గురించి అడిగాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అంత సుఖం కూడా లేదు, మర్నాడు అడ్వాన్సు ఇవ్వాల్సి ఉంది.

మధ్యాహ్నం దాటాక వాన మొదలైంది. చినుకులు కాదు, కుండపోత. అతను ఆమె ఆఫీసుకు పరుగెత్తాడు. తాళం వేసి ఉంది. ఇక చేసేదేమీ తోచక, ఆమె చెప్పిన మాటైనా విందామని ఆ ఇంటికి వెళ్ళాడు. వెనక సందులో గొడుగు వేసుకుని, ఆ గోడకేసే చూస్తూ ఆమె నిలబడి ఉంది.

కొత్త రంగు బుడగలు బుడగలుగా లేచింది. కిటికీ కింద నుంచి ముదురు మచ్చ ఒకటి పైకి పాకుతోంది. ఒకచోట పెచ్చు ఊడిపడి లోపల తుప్పు పట్టిన ఇనుము కనిపిస్తోంది.

"చూశారుగా. ఇక వెళ్ళండి," అంది ఆమె.

"వేరేవాళ్ళని చూసుకోమన్నారు కదా. మరి ఎందుకొచ్చారు?"

"మీ అమ్మగారు ఆ గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. మా నాన్న కూడా అలాగే నిలబడ్డాడు." గొడుగు సర్దుకుంది. "వాచీ తేలేదు. భయపడకండి, ఇది మీ లెక్కలోకి రాదు."

"నేను దాన్ని వెయిటింగ్ ఛార్జీ అనుకున్నాను," అన్నాడు తూకం.

ఆమెకు అర్థం కాలేదు. అతను వానలో తడుస్తూ మొత్తం చెప్పాడు, టాక్సీలు, మీట, అమ్మ నైట్ డ్యూటీలు, అన్నీ. వింటూ వింటూ ఆమె గొడుగు ఒక పక్కకు ఒరిగిపోయింది.

"అంటే నేను మాట్లాడినప్పుడల్లా..."

"మీటరు ఎక్కుతోందనుకున్నాను."

"మీటర్లు పరీక్షించే ఉద్యోగం మీకు ఎవరిచ్చారండీ?" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేనేమో మాట కలిపితే చాలు మీకు నేనంటే విసుగొస్తోందనుకున్నాను, అంది.

"గడియారాలు బాగుచేసే కొట్టు పెట్టాలనుకున్నాను, చిన్నప్పుడు," అన్నాడు అతను. "ఈ ఉద్యోగం కాకపోతే ఏం చేసేవారని అడిగారు కదా, అదీ జవాబు. నవ్వు రాదనేం లేదు, ఎవరూ నవ్వించలేదు. మీరు ఏ గదిలో చదువుకునేవాళ్ళు? ఎన్ని బకెట్లు పెట్టేవాళ్ళు? ఆ రోజు పోర్టికోలో అడగాల్సినవి ఇవి. మీరంటే నాకు ఇష్టమని చెప్పాల్సింది కూడా అక్కడే. పొద్దున మిమ్మల్ని అవమానించాను. క్షమించండి."

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. అతనికి తొలిసారి, ఎంతసేపైనా ఫర్వాలేదనిపించింది.

"ముందు గొడుగు కిందకి రండి. మీకు జ్వరమొస్తే అమ్మగారు నన్నంటారు," అంది చివరికి. "నాలుగు బకెట్లు. వంటింట్లో చదువుకునేదాన్ని. అక్కడొక్కచోటే కురిసేది కాదు."

ఆ ఇంటిని వదులుకున్నారు. బ్రోకరు చెప్పిన పార్టీ ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు. బావగారు కొన్నాళ్ళు ముఖం మాడ్చుకుని, మంచి ఇల్లు చేజార్చుకున్నావోయ్ అని సానుభూతి ప్రకటించాడు. పాపం, అతని టీలు కూడా చేజారాయి.

ఎండాకాలం వచ్చేసరికి ఇంకో ఇల్లు దొరికింది. చిన్నది, పాతది, చూపుకు ఏ ఆడంబరమూ లేదు. కానీ గోలీ చెప్పినమాట విని తూము వైపే వెళ్ళింది. గుమ్మానికి ఎదురుగా గోడ ఉంది. సొంతింట్లో అడుగుపెట్టిన మొదటి రోజే అమ్మ సుత్తి పట్టుకుని ఆ గోడ దగ్గరికి చేరింది. పక్క గదిలో సామాన్ల మధ్య కూర్చుని వీళ్ళిద్దరూ టీ తాగుతున్నారు.

"మీ ఫీజు తేలనే లేదు," అన్నాడు తూకం. వాన రోజు తర్వాత ఆమె మెడలో ఆ వాచీ కనపడలేదు. "గంటల లెక్కనా, ప్యాకేజీయా?"

"శాతం," అంది ఆమె.

"శాతం పద్ధతి అంత ప్రమాదం ఇంకోటి లేదు కదా."

"అమ్మించి వెళ్ళిపోయేవాళ్ళకిస్తే ప్రమాదం. ఉండిపోయేవాళ్ళకి ఇస్తే తప్పులేదు." టీ గ్లాసు కింద పెట్టింది. "యాభై."

లోపల సుత్తి చప్పుడు ఆగిపోయింది. తూకం మొహంలో ఏవేవో లెక్కలు కదిలాయి. ఒకటీ తేలినట్టు లేదు.

"యాభయ్యా?" అన్నాడు.

"బేరమాడకురా," అంది అమ్మ గోడ అవతలి నుంచి. "ఒప్పుకో. ఆ పిల్లకి నాక్కూడా ఇష్టమేనని చెప్పు."

బేరమాడలేదు. జీవితంలో మొదటిసారి అడిగినంతా ఇచ్చేశాడు. సుత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది.

కాసేపటికి అమ్మ పిలిస్తే ఇద్దరూ వెళ్ళి చూశారు. నాన్న ఫొటో గోడకు ఎక్కింది, కాస్త ఎడమకు ఒరిగి ఉంది. కొలతల ఇన్‌స్పెక్టరుకు అది కనిపించింది, ఇంజినీరుకూ కనిపించింది. ఇద్దరిలో ఒక్కరూ నోరెత్తలేదు.

"ఫ్యాను ఫుల్లుగా పెట్టరా," అంది అమ్మ.

పెట్టాడు. ఫొటో పడలేదు.